వంటింటి కిటికీలో వీసా ఆఫీసరు

ముప్పైరెండేళ్లు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. కిటికీకి ఇవతల నేను, అవతల లోకం. ఎవరు ఎందుకు వెళ్తున్నారో, తిరిగొస్తారో రారో మొహం చూసి చెప్పేయగలనని నాకొక గట్టి నమ్మకం. తాడేపల్లిగూడెంలో నా ఈడు రిటైరైనవాళ్లందరికీ ఏదో ఒక గర్వం ఉంది. ఒకాయనకు షుగరు లేదని గర్వం. ఇంకొకాయనకు అల్లుడు తహసీల్దారని గర్వం. నాది ఇది. ఆ గర్వం కాస్తా నా ఇంట్లోనే, ఒక సాయంత్రం నాలుగున్నరకి, మా ఆవిడ చెప్పిన ఒక్క మాటతో దిగిపోయింది.

మా ఆవిడకు అమెరికా విజిటర్ వీసా కావాల్సి వచ్చింది. వెళ్లాల్సింది ఆవిడ చెల్లెలి దగ్గరికి. ఆ పిల్లకు యాభై దాటాయి గానీ మాకు ఇంకా పిల్లే. ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. కొల్లేటి లంకలో పదిహేనేళ్ల మా ఆవిడే దానికి జడలు వేసి, అన్నం పెట్టి, దోనెలో కూర్చోబెట్టుకుని అవతలి ఒడ్డు బడికి తీసుకెళ్లి పెంచింది. పెరిగి నర్సు చదివింది, అమెరికా వెళ్లింది. భర్త పోయాడు. మాకులాగే పిల్లల్లేరు. ఇప్పుడు వెన్నుకు పెద్ద ఆపరేషను చెయ్యాలన్నారు. మూడు నెలలు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలట. "నువ్వొస్తే చేయించుకుంటానక్కా, లేకపోతే ఇలాగే ఈడుస్తాను" అని ఫోన్లో తెగేసి చెప్పింది. ఆ రోజు నుంచి మా ఆవిడకు సరిగ్గా నిద్ర లేదు.

ఏలూరు పాత బస్టాండు దగ్గర మేడమీద ఉన్న ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడాయన ముప్పై ఏళ్లవాడు, మహా మర్యాదస్తుడు. "మీరు కూడా వెళ్తే ఇద్దరికీ ఇవ్వకపోవచ్చండి. మేడం గారొక్కరే అయితే, మీరిక్కడ ఉంటారు కాబట్టి ఆవిడ తిరిగొస్తారని నమ్ముతారండి. భర్తని మించిన గ్యారంటీ ఏముంటుందండీ" అన్నాడు. నాకు లోపల్లోపల బాగానే ఉంది. నన్ను రమ్మని అసలు ఎవరూ పిలవలేదన్న సంగతి నేనక్కడ ఎత్తలేదు.

ఫారం నింపుతూ అడిగాడు. "మేడం గారి పేరు మీద ఏమున్నాయండీ?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను అందుకున్నాను. "ఇల్లుంది. పెంటపాడులో రెండెకరాలు మాగాణి ఉంది. బ్యాంకులో డిపాజిట్లున్నాయి."

"అవి ఎవరి పేరు మీదున్నాయండి?"

"నా పేరు మీద. నా పేరైతే ఏంటి, ఆవిడ పేరైతే ఏంటి?"

"మనకి రెండూ ఒకటేనండి. వాళ్లకి వేరేనండి" అన్నాడు నొచ్చుకుంటున్నట్టుగా.

ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. కరెంటు బిల్లు నా పేరు. గ్యాసు నా పేరు. ఇంటిపన్ను నా పేరు. ఆఖరికి ఆవిడ చేతిలో ఉన్న ఫోనులో సిమ్ము కూడా నా ఆధార్ మీద తీసుకున్నదే. ఇన్నేళ్లలో ఇవన్నీ ఒక్కచోట వరసగా వినడం నాకదే మొదటిసారి. కొంచెం ఇబ్బందిగా కదిలాను. అతను మెల్లిగా, "పోనీ ఒక ఎకరం మేడం గారికి గిఫ్టు డీడ్ చేస్తారా అండి?" అన్నాడు. నాకు చర్రున కోపం వచ్చింది. మూడు నెలల ప్రయాణానికి పొలం కాగితాలు మార్చాలా అని కసిరి లేచి వచ్చేశాను. బస్సు గుండుగొలను దాటింది. అప్పుడు మా ఆవిడ, "చిన్నవాడండీ, అలా కసురుకున్నారేంటి పాపం" అంది.

కన్సల్టెన్సీలో ఇంటర్వ్యూకు తర్ఫీదు కూడా ఇస్తారట. వద్దన్నాను. కిటికీలోంచి ప్రశ్నలడగడం నాకొకడు నేర్పాలా?

మా ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. కూరలవీ అందించుకోవడానికి కట్టించుకున్నది. కాన్సులేట్లో కూడా కిటికీ వెనక నుంచే అడుగుతారని తెలిశాక నాకు హుషారు పుట్టింది. రోజూ సాయంత్రం నాలుగింటికి వంటింట్లో స్టూలు వేసుకుని ఆ కిటికీ వెనక కూర్చునేవాణ్ణి. ఆవిడ హాల్లో, పాస్‌పోర్టు ఉన్న ప్లాస్టిక్ ఫైలు గుండెకు హత్తుకుని నిలబడేది. నేను వంటింట్లో, ఆవిడ హాల్లో. ముప్పైఏడేళ్ల కాపురంలో అలా జరగడం అప్పుడే.

మొదటి రోజే తేలిపోయింది, మా వైపు మర్యాద వీసాకు పనికిరాదని.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఏదో, మా చెల్లెలి దగ్గరికండీ."

"ఆ ఏదో తీసెయ్."

"అలాగేనండీ."

"మీకు ఆస్తులున్నాయా?"

"ఏదోనండీ, మీ దయవల్ల ఉన్నంతలో గడిచిపోతోందండీ."

"ఆఫీసరు దయవల్ల నీకు గడుస్తోందా?" అని నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాను. ఆవిడ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సరదాగా ఉంది. అది ఒప్పుకోవాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఏం అడిగినా ఆవిడ ముందు ఎడమ పక్కకి చూసేది. నేను పక్కన నిలబడి ఉన్నట్టు. "నేనిక్కడుంటే అటు చూస్తావేం?" అంటే "అలవాటండీ" అనేది. మా ఇళ్లలో పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి ఈ అలవాటుంది. బ్యాంకులో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా భర్త మొహం చూస్తారు. ఆయన చెప్తాడు, వీళ్లు తలూపుతారు. ఒకసారి మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికెళ్తే ఎడమ కాలని నేను చెప్పాను. ఆవిడ తలూపింది. ఎడమ కాలికి ఎక్స్‌రే తీయించుకుని ఇంటికొచ్చాక, "కుడికాలండీ" అంది. ఈ కథ నేను నలుగురికీ చెప్పి నవ్వించేవాణ్ణి.

అయిదో రోజు అసలు ప్రశ్నకు వచ్చాను. వీసా ఇచ్చేదీ ఇవ్వనిదీ దీని మీదే అని ఏలూరులో అతను మరీ మరీ చెప్పాడు.

"మీరు తిరిగి ఇండియాకి ఎందుకు వస్తారు?"

"రావాలి కదండీ."

"అదే, ఎందుకు రావాలి?"

"మీకు భోజనానికి ఇబ్బందవుద్ది కదండీ."

"నేను ఆఫీసర్ని."

"మావారికండీ. ఆయనకి కాఫీ కలుపుకోవడం కూడా రాదండీ. మాత్రలు ఏ పూటవేవో తెలీదండీ."

నిజంగా చెప్తున్నాను, అప్పుడు తట్టిన ప్రశ్నకు నాకే ముచ్చటేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, ఏ అమెరికా ఆఫీసరూ ఇంత లోతుకు వెళ్లడనుకుంటూ అడిగాను.

"అది ఆయన అవసరం. వంటమనిషిని పెట్టుకుంటారు. నేనడిగేది మీ సంగతి. తిరిగి రావడానికి అక్కడ మీకంటూ ఏముంది?"

ఆవిడ ఫైలు దించింది. ఆలోచించింది. తలుపు వైపు చూసింది, టీవీ వైపు, నా పడక్కుర్చీ వైపు, కుర్చీ కింద నా చెప్పుల వైపు చూసింది. సరైన జవాబు వెతుక్కుంటోందని ఓపిగ్గా కూర్చున్నాను. ఈసారి పక్కకి తిరగలేదు. తిన్నగా కిటికీలోకి, నా కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"చూస్తున్నానండీ. నాకంటూ ఏమీ కనబడటం లేదండీ."

కోపం లేదు, కన్నీళ్లు లేవు. డబ్బాలో చింతపండు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. 

చేతిలో ప్రశ్నల కాగితం మడిచి స్టూలు కింద పెట్టాను. నేను లేనా అని అడగాలి. ఎలా అడుగుతాను? ఆఫీసరు వేషంలో ఉన్నాను. పైగా అది ఆయన అవసరం అని ఇప్పుడే నా నోటితో నేనే కొట్టిపారేశాను. 

"తప్పు చెప్పానాండీ?" అంది.

"రేపు చూద్దాం" అన్నాను.

ఆవిడ పెరట్లోకి వెళ్లింది. నేను స్టూలు మీదే ఉండిపోయాను. అప్పుడు చూశాను, ఆ కిటికీలోంచి ఏం కనబడుతుందో. నా కుర్చీ వీపు, సగం టీవీ. వీధి కనబడదు, గుమ్మం కనబడదు. ఎవరొచ్చారో, ఎవరెళ్లారో కనబడదు. ఆ కిటికీ ఎక్కడ పెట్టాలో మేస్త్రీకి చెప్పింది నేనే.

ఇంట్లో ఉండలేక స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నాను. మొదట అంతా కోపమే. ఏం తక్కువ చేశాను? తాగుడు లేదు, తిరుగుడు లేదు, చెయ్యెత్తి ఎరగను. పండగకు చీర, కార్తీకానికి పట్టిసీమ. ఇంకేం కావాలి మనిషికి? చెల్లెలు ఫోన్లో "ఆపరేషనయ్యాక ఇక్కడే ఉండిపోదువుగాన్లే అక్కా" అంటే ఆవిడ నవ్వడం గుర్తొచ్చింది. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు ఎలాంటిదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను, గుర్తు రావడం లేదు. మొహం చూసి చెప్పేస్తానన్న పెద్దమనిషికి సొంత పెళ్లాం మొహం గుర్తు రాలేదు. రెండు బళ్లు వెళ్లాక లేచి ఇంటికొచ్చాను. ఆవిడ మామూలుగా కాఫీ ఇచ్చింది. మామూలుగా తాగాను.

మర్నాడు ఇంటి దస్తావేజుల జిరాక్సులు కావాలని బీరువా తెరిచాను. అడుగునున్న గుడ్డసంచిలో పాత కాగితం ఒకటి దొరికింది. ఒక అమ్మకం దస్తావేజు నకలు. అమ్మినవారు మా ఆవిడ. లంకలో అరెకరం. "పుట్టింటివారు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన" అని రాసి ఉంది. కింద ఆవిడ సంతకం, గుండ్రటి అక్షరాలతో. సాక్షి సంతకం నాది.

మా వైపు ఆడపిల్లకు పెళ్లిలో పసుపు కుంకుమల కింద చెక్కో అరచెక్కో పొలం ఇస్తారు. అది ఆ పిల్లదే. మావగారు ఇచ్చిన ఆ అరెకరాన్ని పెళ్లయిన ఆరేళ్లకి నేనే అమ్మించాను. పెంటపాడులో మా చేను పక్కనే ఇంకో చేను అమ్మకానికొచ్చింది, దానికోసం. ఏలూరు రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద ఆవిడ ఒక మాట అడిగింది. "కొత్తదాంట్లో నా పేరు కూడా వేయిస్తారాండీ?" అని. నేను ఏమన్నానో ఈ ముప్పైయేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకోగానే అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. "మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏముంది?" అన్నాను. అలా అన్నవాణ్ణే నిన్న కిటికీలో కూర్చుని, నీకంటూ ఏముంది అని అడిగాను. బీరువా ముందు చతికిలబడిపోయాను.

ఆవిడ బెండకాయలు తరుగుతోంది. కాగితం ముందు పెట్టి, "ఇది గుర్తుందా?" అన్నాను.

చేతులు తుడుచుకుని చూసింది. "ఎందుకుండదండీ. ఊరెళ్లినప్పుడల్లా చూసే వస్తాను."

"ఏం చూస్తావు? అమ్మేశాం కదా."

"ఊరికే అండీ. ఇప్పుడు చేపల చెరువు తవ్వేశారు లెండి. గట్టు మీద నాన్న వేసిన కొబ్బరిచెట్టు ఒకటి మాత్రం ఉంది."

ఏడాదికి రెండుసార్లు ఆవిడ ఊరు వెళ్తుంది. నేనూ వెళ్తాను. నేను అరుగు మీద పేపరు చదువుకునేటప్పుడు ఈవిడ ఎవరిదో చెరువుగట్టు మీదికి వెళ్లి నిలబడి వస్తోందని నాకు తెలియదు. తెలియకపోవడం కంటే, ఆవిడ దాన్ని దాచనే లేదన్నది నన్ను ఎక్కువ కుంగదీసింది. 

"పెంటపాడు పొలంలో ఒక ఎకరం నీ పేర రాసేస్తాను. రేపే వెళ్దాం" అన్నాను గబగబా.

ఆవిడ మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. "ఇప్పుడొద్దండీ. వీసా కోసం రాసినట్టుంటుంది. వచ్చాక చూద్దాం లెండి."

వచ్చాక అంది. ఆ మాటను నేను ఇప్పటికీ వదిలిపెట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి పద్ధతి మార్చాను. అడగడం మానేసి జవాబే నేర్పాను. మళ్లీ అడిగే ధైర్యం నాకు లేదు. "నా భర్త ఇక్కడ ఒక్కరే ఉంటారు. మాకు సొంత ఇల్లు, పొలం ఉన్నాయి. ఆయన్ని విడిచిపెట్టి నేను ఎక్కువ రోజులు ఉండలేను. మా చెల్లెలు కోలుకోగానే మూడు నెలల్లో వచ్చేస్తాను." ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుని, ఎక్కాలు వల్లె వేసినట్టు పప్పు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ చదువుకుంది. ఉండలేను అన్నచోట గొంతు చప్పగా ఉండేది. "అలా కాదు, మనసులోంచి వచ్చినట్టు చెప్పు" అన్నాను. అక్కడ కొంచెం ఆగమన్నాను. ఆగింది. మూడో రోజుకు ఎంత బాగా వచ్చిందంటే, కిటికీ వెనక నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రాసిచ్చిన మాటలకు నేనే.

హైదరాబాదులో కాన్సులేటు బయట రోడ్డు పక్కన నిలబడ్డాను. పొద్దున్న ఎనిమిది గంటలు. ఆవిడ ఫైలు పట్టుకుని వరసలో వెళ్లిపోయింది. నాలుగడుగులు వేశాక వెనక్కి, ఎడమ పక్కకి చూసింది. నేనక్కడ లేను, రోడ్డుకు ఇవతల ఉన్నాను. చెయ్యి ఊపాను. కనబడిందో లేదో.

బయట నిలబడ్డవాళ్లందరికీ ఒక గుర్తు తెలుసు. పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేస్తే వీసా రానట్టు. వాళ్ల దగ్గరే ఉంచుకుంటే వచ్చినట్టు. అందుకని లోపల్నుంచి వచ్చేవాళ్ల మొహాలు ఎవరూ చూడరు, చేతులు చూస్తారు. నేనూ చేతులే చూశాను. వీసా ఇచ్చేయాలి దేవుడా, అక్కడ ఆ పిల్ల ఎదురుచూస్తోంది అని మొక్కుకున్నాను. అబద్ధం కాదు, నిజంగానే మొక్కుకున్నాను.

గంటన్నరకు ఆవిడ వచ్చింది. ఫైలు చంకలో ఉంది. చేతుల్లో పాస్‌పోర్టు లేదు. ఆవిడ దూరం నుంచే రెండు ఖాళీ చేతులూ ఎత్తి నాకు చూపించింది, చిన్నపిల్లలా.

పాస్‌పోర్టు చేతిలో ఉంటే బాగుండేదని అనిపించింది. ఒక్క క్షణమే కావచ్చు, కానీ అనిపించింది. మంచం పట్టబోతున్న మనిషి దగ్గరికి అక్క వెళ్లకూడదని కోరుకున్నాను. నాలో అలాంటివాడు ఉన్నాడని అరవైయారేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఆవిడ దగ్గరికొచ్చి, "వచ్చేసిందండీ!" అని రోడ్డు మీదే నా చెయ్యి పట్టుకుంది. "చాలా సంతోషం" అన్నాను. ఆవిడ అప్పటికే నా దగ్గరున్న తన ఫోను తీసుకుని చెల్లెలికి చేస్తోంది.

లోపల ఏం అడిగారో ఆ రోజంతా నేను అడగలేదు. కాన్సులేటు బయట హోటల్లో టిఫిను తినేటప్పుడు అడగలేదు. తెలిసినవాళ్లింట్లో పడుకునే ముందూ అడగలేదు. మర్నాడు పొద్దున్న బండి ఎక్కాక కూడా ఊరుకున్నాను. వెళ్లడానికీ రావడానికీ విమానం టిక్కెట్లు ఒకేసారి తీసేద్దాం అని మాత్రం రెండుసార్లు అన్నాను. రానూపోనూ టిక్కెట్లు తీసుకుని వెళ్లి రానివాళ్లు ఎంతమందో నా కౌంటరుకు తెలుసు.

ఏలూరు దాటింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కొల్లేటి వైపు చూస్తోంది. చెరువులు, గట్లు, మధ్యలో ఎక్కడో ఒక కొబ్బరిచెట్టు. సంచిలోంచి నా మాత్రల డబ్బా తీసి, మధ్యాహ్నానివి ఏరి, మంచినీళ్ల సీసాతో సహా నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"నిన్న ఏం అడిగారు?" అన్నాను.

"చెల్లెలు ఏం చేస్తుందని అడిగారండీ. ఆపరేషన్ సంగతి చెప్పాను. తర్వాత, తిరిగి ఎందుకొస్తారు అని అడిగారు."

మాత్రలు అరచేతిలోనే ఉన్నాయి. "ఏం చెప్పావు?"

ఆవిడ నా వైపు తిరిగింది. మొహంలో పరీక్ష పాసైన పిల్ల సంతోషం ఉంది.

"మీరు నేర్పిందే చెప్పానండీ. ఒక్క మాట కూడా తప్పలేదు. మీరు ఆగమన్నచోట ఆగి, అచ్చం మనసులోంచి వచ్చినట్టే చెప్పాను."